పరిచర్య చేయువారి పట్ల మన ధర్మము

మాతాపితృ సేవను గూర్చి, వృద్ధులను వ్యాధిగ్రస్తులను ఆదరించుటను గూర్చి పురాణ ప్రవచనములలో మీరు అనేక పర్యాయములు వినియున్నారు. కాని ఆ సేవను అనుదినము చేయుచున్నవారి స్థితి ఎట్టిది, వారికి కావలసినదేమి, వారి పట్ల మిగిలిన కుటుంబము నెరవేర్పవలసిన ధర్మమేమి అను విచారణ మన సభలలో అరుదుగ జరుగుచున్నది. నేడు మేము ఆ విషయమునే మీ ముందుంచదలచితిమి.

మంచము పట్టిన అత్తగారికి స్నానము చేయించి, అన్నము తినిపించి, రాత్రులు మేల్కొనియుండు కోడలు. పక్షవాతము వచ్చిన భర్తను డెబ్బది ఏండ్ల వయస్సులో తన భుజముపై ఆనించుకొని నడిపించు ఇల్లాలు. పుట్టుకతోనే కాలుచేతులు స్వాధీనములో లేని బిడ్డను ఇరువది ఏండ్లుగ ఎత్తి దించుచున్న తల్లి. తల్లికి డయాలసిస్ చేయించుటకై వారమునకు రెండు మూడు మార్లు బస్సులో పట్టణమునకు తీసికొనిపోవు కుమారుడు. తన పెండ్లి మాట ప్రక్కన పెట్టి తండ్రివద్ద నిలిచిపోయిన కుమార్తె. వీరిని గూర్చియే మా మాట. వీరికి జీతము లేదు, సెలవు లేదు, పదవీ విరమణ లేదు. "మీరేమి చేయుచుందురు?" అని ఎవరైన అడిగినచో "ఇంటిలోనే ఉందునండి" అని చెప్పి ఊరకుందురు. తాము చేయుచున్నది ఒక పని అని చెప్పుకొనుటకు కూడ వారికి నోరు రాదు.

ఈ భారము ఎక్కువగ ఎవరిమీద పడినదో మన అనుభవమే చెప్పును. 2019వ సంవత్సరములో కేంద్ర గణాంక శాఖవారు దేశమంతట ప్రజల దినచర్యను లెక్కించిరి. కుటుంబములోని పిల్లలకు, పెద్దలకు, రోగులకు జీతము లేక చేయు సంరక్షణలో పాల్గొన్న స్త్రీలు అందుకై దినమునకు సగటున 134 నిమిషములు, పాల్గొన్న పురుషులు 76 నిమిషములు వెచ్చించిరని అందు తేలినది. పాల్గొన్నవారి సంఖ్యలో సైతము స్త్రీలే పురుషులకు దాదాపు రెట్టింపు. ఇది అందరి సగటు మాత్రమే. మంచముపై రోగి ఉన్న యింట లెక్క నిమిషములలో ఉండదు, రాత్రింబవళ్ళలో ఉండును.

చికిత్సకు నాలుగు పాదములు

పరిచర్య చేయువాని స్థానము ఏదియో ఆయుర్వేదము ఏనాడో నిర్ణయించినది. చరక సంహిత సూత్రస్థానములోని తొమ్మిదవ అధ్యాయము చికిత్సకు నాలుగు పాదములున్నవని చెప్పుచున్నది. వైద్యుడు ఒకటి, ఔషధము రెండవది, పరిచారకుడు మూడవది, రోగి నాలుగవది. మంచమునకు నాలుగు కోళ్ళ వంటివి ఇవి. వైద్యుడు ఎంత సమర్థుడైనను, ఔషధము ఎంత విలువైనదైనను, మూడవ కోడు విరిగినచో మంచము ఒరిగిపోవును. అయినను మనము వైద్యునకు రుసుము చెల్లింతుము, ఔషధమునకు వెల చెల్లింతుము, రోగిని పరామర్శింతుము. మూడవ పాదమును గూర్చి అడుగువారు లేరు.

ఆ పరిచారకునకు నాలుగు గుణములుండవలెనని చరకుడు చెప్పినాడు. పరిచర్యా విధానము తెలిసియుండుట, పనిలో నేర్పు, రోగి యందు అనురాగము, శౌచము. మనవారు ఈ నాలుగింటిని చదివి, "పరిచారకుడు ఇట్లుండవలెను" అని ఉపదేశించి విడిచిపెట్టుదురు. ఈ గుణములు ఆకాశమునుండి ఊడిపడునవి కావు. ఒక్కొక్క గుణమునకు వెనుక ఒక్కొక్క ఆధారముండవలెను. ఆ ఆధారమును కల్పించుట కుటుంబములోని తక్కినవారి విధి అని మా అభిప్రాయము.

ప్రథమముగ విధానము తెలియుట. ఆసుపత్రినుండి రోగిని ఇంటికి పంపునపుడు చేతిలో మందుల చీటీ పెట్టుదురు. కదలలేని మనిషిని ఎట్లు ప్రక్కకు తిప్పవలెను, పొలమారకుండ ఎట్లు తినిపింపవలెను, మూత్రపు గొట్టమును ఎట్లు శుభ్రముగ ఉంచవలెను అనునవి చీటీలో ఉండవు. పడుకొనబెట్టియే నీరు పోసినచో అది ఊపిరితిత్తులలోనికి పోయి ప్రాణము మీదికి వచ్చును. లేపి కూర్చుండబెట్టి, కొంచెము కొంచెముగ ఇవ్వవలెను. ఈ సంగతి తెలియక చేసిన పొరపాటునకు జీవితమంతయు కుమిలిపోవువారు కలరు. కావున ఇంటికి బయలుదేరక ముందే నర్సునడిగి, ప్రతి పనియు ఒకసారి కళ్ళతో చూచి, ఒకసారి చేతితో చేసి నేర్చుకొనవలెను. ఒక్కరే గాక ఇంటిలో ఇద్దరు నేర్చుకొనుట మేలు.

ద్వితీయముగ నేర్పు. నేర్పు శరీరబలమును ఆశ్రయించియుండును, శరీరబలము నిద్రను ఆశ్రయించియుండును. కదలలేని రోగికి వీపున, నడుమున పుండ్లు పడకుండవలెనన్న సుమారు రెండు గంటల కొకసారి ప్రక్క మార్చవలెనని వైద్యులు చెప్పుదురు. లెక్క వేసి చూడుడు. రాత్రి పది గంటలకు ఒకసారి తిప్పి పడుకొన్న మనిషి పండ్రెండింటికి, రెండింటికి, నాలుగింటికి లేచి, ఆరింటికి మరల పని మొదలుపెట్టవలెను. ఒక రాత్రి కాదు, ఒక నెల కాదు, ఏండ్ల తరబడి. ఇట్లు ఒక్కరే చేసినచో వారి నడుము పోవును, రక్తపు పోటు పెరుగును, చేయి తడబడును. తమకు జ్వరము వచ్చినను మాత్ర మ్రింగి పనిచేయుదురే గాని వైద్యునివద్దకు పోవుటకు వారికి తీరిక చిక్కదు. కావున నేర్పునకు ఆధారము విశ్రాంతి. వారమునకు రెండు రాత్రులైన మరియొకరు ఆ పని స్వీకరింపవలెను.

తృతీయముగ అనురాగము. ఇది అందరిలోను ఉండునదే కాని, నీరు పోయని మొక్కవలె ఎండిపోవును. అల్జీమర్స్ మున్నగు మతిమరపు వ్యాధులున్న యిండ్లలో ఇది స్పష్టముగ కనిపించును. ఆ పెద్దలు అడిగిన మాటనే నూరుసార్లు అడుగుదురు. సంధ్యవేళ కలవరపడి, తమ యింటిలోనే కూర్చుండి "మా యింటికి తీసికొనిపొమ్ము" అందురు. తినిన గడియకే "నాకు అన్నము పెట్టలేదు" అందురు. గాజులు తామే ఎక్కడనో దాచి, కోడలు దొంగిలించినదని వచ్చినవారితో చెప్పుదురు. అది వ్యాధి పలికించు మాట, మనిషి పలుకు మాట కాదు. ఈ సంగతి తెలియని బంధువులు చుట్టపుచూపుగ వచ్చి, ఒక్క గంట కూర్చుండి, "పాపము, పెద్దావిడకు అన్నమైన సరిగ పెట్టుట లేదు" అని వీధిలో చెప్పిపోవుదురు. పదునాలుగు నెలలు చేసిన సేవ ఆ ఒక్క మాటతో బూడిద యగును. అనురాగమునకు ఆధారము ఆదరము. సేవ చేయువారి ఎదుట పుల్లవిరుపు మాట పలుకకుండుట, "నీవున్నావు గనుక అమ్మ బ్రతికియున్నది" అని ఒక్క మంచిమాట చెప్పుట, ఇవి వెల లేని సాయములు.

చతుర్థముగ శౌచము. దీనికి ఆధారము ధనము. మార్చుటకు పక్కబట్టలు, చేతి తొడుగులు, డైపర్లు, సబ్బు, నీరు, కొన్ని యిండ్లలో ఆసుపత్రి మంచము, గాలిపరుపు, ఇవన్నియు కొనవలసినవే. పరిచర్య కొరకు ఉద్యోగము మానుకొన్నవారికి ఆదాయము ఆగిపోయి వ్యయము పెరుగును. అట్టివారు మరిది ముందు, అన్న ముందు ప్రతినెల చేయి చాచవలసి వచ్చుట అవమానము. అడుగక ముందే ఇచ్చుట ధర్మము.

ఒక్కని భుజముపై భారము

శ్రీమద్రామాయణము అయోధ్యాకాండలో దశరథుడు తన అంత్యకాలమున కౌసల్యాదేవికి చెప్పిన మునికుమారుని కథ మీకు తెలిసినదే. లోకములో ఆతనిని శ్రవణకుమారుడందురు. సరయూ నదిలో కుండ ముంచు ధ్వనిని ఏనుగు ధ్వని యనుకొని దశరథుడు బాణము వేసెను. నేలకొరిగిన ఆ బాలుడు తన ప్రాణమునకై దుఃఖింపలేదు. కన్నులు లేని తన వృద్ధ తల్లిదండ్రులను ఇకమీదట ఎవరు పోషింతురని దుఃఖించెను. దప్పికగొని ఎదురుచూచుచున్న ఆ వృద్ధులు కుమారుని మరణవార్త విని తామును దేహములు చాలించిరి.

ఈ కథను పితృభక్తికి దృష్టాంతముగ చెప్పుట యుక్తమే. దీనియందు మరియొక బోధ కూడ కలదు. ఆ ఆశ్రమములో నీరు తెచ్చువాడొక్కడే, వంట చేయువాడొక్కడే, చేయి పట్టి నడిపించువాడొక్కడే. ఆ ఒక్కడు కూలినపుడు మూడు జీవితములు కూలినవి. నేడు అట్టి బాణములు వేరు రూపమున వచ్చుచున్నవి. గుండెపోటు, మనోవ్యాధి, నిద్రలేమి, ఆర్థికపు చిక్కు. సేవ చేయు ఒక్క మనిషి పడిపోయిన దినమున ఆ రోగి గతి ఏమని, ఆ మనిషి నిలబడియున్నపుడే కుటుంబము ఆలోచింపవలెను.

శరీరముచేతను, ధనముచేతను

కంసవధానంతరము శ్రీకృష్ణపరమాత్మ చెరనుండి విడిపించిన తల్లిదండ్రులతో పలికిన మాటలు భాగవతము దశమస్కంధములో ఉన్నవి. సమర్థుడై యుండియు తల్లిదండ్రులను తన శరీరముచేతను, తన ధనముచేతను పోషింపని కుమారుని గతి ఎంత ఘోరమో అక్కడ భగవానుడు చెప్పినాడు. ఇందు "శరీరముచేతను" అనియు, "ధనముచేతను" అనియు రెండు మాటలున్నవి, రెండింటిని కలిపి చెప్పినాడు. ఈ రెంటిలో ఏ ఒక్కటి చాలునని చెప్పలేదు. నేడు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న కుమారుడు ధనము పంపి తన ఋణము తీరినదనుకొనును. ఊరిలోనున్న కుమారుడు శరీరముతో చేయుచు, ధనము లేక కుంగిపోవును. ఒకరు ధనము, ఒకరు శరీరము అని పంచుకొనుట లోకములో తప్పనిదే. కాని ధనమిచ్చువాడు ఏడాదికొకసారి సెలవుపై వచ్చినపుడు పెండ్లిండ్లు, తీర్థయాత్రలు చూచుకొని పోక, పదునైదు దినములు తల్లి మంచము ప్రక్కన తానుండి, అన్నను వదినను ఆ దినములు విశ్రాంతికి పంపినచో భగవానుడు చెప్పిన రెండు మాటలును నెరవేరును.

ఆ సందర్భముననే పరమాత్మ మరియొక విషయము చెప్పినాడు. సమర్థుడై యుండియు ఎవరెవరిని పోషింపనివాడు ఊపిరి పీల్చుచున్నను మృతునితో సమానుడో లెక్కించుచు, వృద్ధులైన తల్లిదండ్రులతో పాటు సాధ్వియైన భార్యను, పసిబిడ్డను కూడ పేర్కొన్నాడు. దీని తాత్పర్యమును గృహస్థులు చక్కగ గ్రహింపవలెను. తన తల్లికి చేయవలసిన సేవనంతయు భార్యచేత చేయించి, ఆ భార్య నిద్రించినదా, తినినదా, ఆమె తన పుట్టింటి తల్లిని చూచి ఎన్ని నెలలైనది అని విచారింపని పురుషుడు మాతృసేవ చేసినవాడు కాడు. ఒక ధర్మమును భార్యకు అప్పగించి, రెండవ ధర్మమును తానే విడిచినవాడు.

తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణకై 2007లో మన పార్లమెంటు ఒక చట్టము చేసినది. పోషింపవలసిన సంతానము అనగా కుమారుడు, కుమార్తె, మనుమడు, మనుమరాలు అని అందు నిర్వచించిరి. కోడలి పేరు అందు లేదు. చట్టములో పేరు లేని మనిషియే పెక్కు యిండ్లలో మంచము ప్రక్కన ఉన్నది. ఇక ఆస్తి విషయమున మన రాష్ట్రములో 1985 సెప్టెంబరు నుండియే కుమార్తెలకు పిత్రార్జిత ఉమ్మడి ఆస్తిలో సమభాగము చట్టసమ్మతమైనది. 2005లో దేశమంతటికిని ఆ హక్కు వచ్చినది. భాగము సమానమైనపుడు భారము కూడ సమానము కావలెను. ఆస్తి పంచుకొనుటకు అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు ఒకచోట కూర్చుండునట్లే, తల్లిదండ్రుల సేవ పంచుకొనుటకును కూర్చుండవలెను. ఎవరు ఏ నెల, ఎవరు ఎంత ధనము, ఆసుపత్రికి ఎవరు అని కాగితముపై వ్రాసికొనుట తప్పు కాదు. వ్రాసికొనకుండుటవలననే పిమ్మట మనస్పర్థలు వచ్చుచున్నవి.

మనస్సులోని శంక

సేవ చేయువారు ఎవరికిని చెప్పుకొనలేని శంక ఒకటి కలదు. ప్రవచనము ముగిసిన పిమ్మట కొందరు దూరముగ నిలిచి, జనము తగ్గిన తరువాత మెల్లగ వచ్చి మమ్ము అడుగుదురు. "అయ్యా, ఒక్కొక్క రాత్రి విసుగు వచ్చి గట్టిగ కసరుదును. ఈ బాధ ఎప్పుడు తీరునో, ఆయనను భగవంతుడు ఎప్పుడు తీసికొనునో అను తలంపు వచ్చును. మరుక్షణమే నన్ను నేను అసహ్యించుకొందును. నాకు పాపము తగులునా?"

దీనికి భాగవతములోనే సమాధానమున్నది. పరీక్షిన్మహారాజు కలిపురుషుని చంపక ఏల విడిచెనని ప్రథమస్కంధములో ప్రసంగము వచ్చినది. కలియుగములో పుణ్యము శీఘ్రముగ ఫలించును, పాపము చేసిననే గాని ఫలింపదు. ఆ గుణమును చూచి విడిచెనని అక్కడ చెప్పబడినది. అలసిన మనస్సులో మెరుపువలె వచ్చిపోవు తలంపు సంకల్పము కాదు. అది శరీరము విశ్రాంతికై పెట్టు మొర. ఆ తలంపు వచ్చిన మరునాడు కూడ లేచి మీరు నీరు కాచి, ఒళ్ళు తుడిచి, గంజి త్రాగించితిరి. మీరు చేసినది అదియే, మీకు ఫలమిచ్చునది అదియే.

అయితే ఆ తలంపు విడువక వెంటాడుచున్నను, నిద్ర ఆహారములు పోయినను, తమ ప్రాణముపైననే విరక్తి కలిగినను దానిని వ్యాధిగ భావించి వైద్యుని కలియవలెను. కేంద్ర ప్రభుత్వము 2022లో ప్రారంభించిన టెలి మానస్ అను మానసిక ఆరోగ్య సేవకు 14416 అను సంఖ్యకు ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చును. కోపములో చేయి ఎత్తవలెననిపించినచో, రోగి పడిపోకుండ చూచి, గదినుండి ఈవలకు వచ్చి, ముఖము కడుగుకొని, ఎవరినైన పిలువవలెను. పిలువగనే వచ్చుట ఇరుగుపొరుగు ధర్మము.

వ్రతములు, నియమములు

"ఆరు నెలలుగ గుడి మెట్టు ఎక్కలేదు, ఏకాదశి ఉపవాసము తప్పినది, మడి నిలుచుట లేదు" అని బాధపడువారు కలరు. పండరిపురములో పాండురంగడు ఇటుకపై ఏల నిలిచియున్నాడు? పుండరీకుడు తల్లిదండ్రుల సేవలో ఉండి, స్వామి వచ్చినను లేవక, నిలుచుటకు ఒక ఇటుకను చూపినాడు. స్వామి కోపింపలేదు. నేటికిని నడుముపై చేతులుంచుకొని వేచియున్నాడు. వేచియుండుటకు ఆయన సిద్ధముగ నుండగ మీకు భయమేల?

మహాభారతము అరణ్యపర్వములో కౌశికుడను బ్రాహ్మణుడు తల్లిదండ్రుల అనుమతి లేకయే వేదాధ్యయనమునకై ఇల్లు విడిచెను. మిథిలలో మాంసము విక్రయించి జీవించు ధర్మవ్యాధుడు తన వృద్ధ మాతాపితరులను చూపి, ఆతనిని తిరిగి తన యింటికి పంపెను. జీవితమంతయు వేదము వల్లించిన మేము ఈ మాటను సందేహములేక చెప్పగలము. సేవకై విడిచిన అధ్యయనము లోపము కాదు, అధ్యయనమునకై విడిచిన సేవ లోపము. రోగిని ఎత్తవలసినవారు ఉపవాసముతో కన్నులు తిరిగి పడిపోవుట వ్రతము కాదు. స్నానము కుదరనివారికై స్మృతులు మంత్రస్నానము, మానసస్నానము మున్నగునవి విధించినవి. చేతులు కడుగుకొని, మంచము ప్రక్కననే కూర్చుండి నామస్మరణ చేసినను పూజయే.

చేయవలసిన పనులు

ఇక ఎవరెవరు ఏమి చేయవచ్చునో సంగ్రహముగ చెప్పుదుము.

ఒకటి. కుటుంబములోనివారు పైని చెప్పినట్లు వంతులు నిర్ణయించుకొనవలెను. వైద్య విషయములను, ధన విషయములను సేవ చేయువారిని సంప్రదింపక నిశ్చయింపరాదు. దూరమున ఉన్నవారు ఫోనులో సలహాలు చెప్పుటకు ముందు "నీ ఆరోగ్యమెట్లున్నది?" అని అడుగవలెను.

రెండు. ఇరుగుపొరుగువారు రోగిని చూడవచ్చినపుడు పండ్లతో పాటు రెండు గంటల కాలమును తీసికొనిపోవలెను. "మేము కూర్చుందుము, నీవు పోయి పడుకొనుము" అను మాటకు మించిన పరామర్శ లేదు. ఒకపూట కూరయో చారో చేసి పంపుట ఉడతాభక్తి సాయమే అయినను ఆ యింట అది పెద్ద సాయము.

మూడు. ప్రభుత్వమునుండి లభించునవి తెలిసికొనవలెను. ఆంధ్ర ప్రదేశ్‌లో 2024 జూలై నుండి, పక్షవాతము కండరాల క్షీణత వంటి వ్యాధులతో పూర్తిగ మంచమునకో చక్రముల కుర్చీకో పరిమితమైన అర్హులకు నెలకు 15,000 రూపాయల పింఛను నిర్ణయింపబడినది. దీనికి వైద్య ధ్రువపత్రము కావలెను. వయోవృద్ధుల సమస్యలకు 14567 అను సహాయ సంఖ్య దేశమంతట ఉన్నది. ఈ సాయములన్నియు రోగి పేరననే ఉండును. కేరళ రాష్ట్రములో ఆశ్వాసకిరణం అను పథకమున పరిచారకుని పేరననే నెలకొక చిన్న మొత్తము నిర్ణయించిరి. మొత్తము చిన్నదైనను, "నీవు చేయుచున్నది పనియే" అని ప్రభుత్వము అంగీకరించినట్లైనది. మన రాష్ట్రములలోను పెద్దలు దీనిని ఆలోచింతురు గాక.

నాలుగు. దేవాలయములు, భజన మండలులు ఈ బాధ్యతను స్వీకరింపవలెను. రాలేనివారి యింటికి తీర్థప్రసాదములు పంపవచ్చును. సేవ చేయు ఇల్లాలు ఒక శనివారము దర్శనము చేసికొనునట్లు, ఇద్దరు భక్తురాండ్రు ఆ రెండు గంటలు రోగివద్ద కూర్చుండవచ్చును. అన్నదానము చేయు ఊరిలో నిద్రాదానము కూడ చేయవలెను. ఏండ్ల తరబడి కంటినిండ నిద్ర ఎరుగనివారికి ఒక రాత్రి నిద్రను ఇచ్చుట గొప్ప దానమని మా నమ్మకము.

ఐదు. రోగి పరమపదించిన పిమ్మట సేవ చేసినవారిని మరువరాదు. పదునొకండవ దినము వరకు ఇల్లు నిండ జనముందురు. పదునాలుగవ దినమునాటికి ఆ యింట ఒక ఖాళీ మంచము, దానివైపు చూచుచు ఒక మనిషి మిగులుదురు. రాత్రి రెండు గంటలకు అలవాటుగ మెలకువ వచ్చును, లేచి చేయవలసిన పని ఉండదు. ఉద్యోగము పోయి, వయస్సు మళ్ళి, సేవయే జీవితమైనవారికి ఆ శూన్యము భరింపరానిది. వారి జీవనోపాధిని, వారి ఆరోగ్యమును అప్పుడు విచారించుటయు ఆ గతించినవారికి చేయు శ్రాద్ధములో భాగమే.

భగవద్బంధువులారా, మీ వీధిలో, మీ బంధువర్గములో ఇట్టి యిల్లు ఒకటైన ఉండకపోదు. ఈ వారములో ఒక దినము ఆ యింటికి పొండు. రోగిని పలుకరించిన తరువాత, వంటయింటి గుమ్మమువద్ద నిలిచియున్న ఆ రెండవ మనిషిని కూడ కూర్చుండబెట్టి పలుకరింపుడు. వారి చేతిలోని పనిని కొంతసేపు మీ చేతిలోనికి తీసికొనుడు.

వృద్ధులకు సుఖమును, రోగులకు స్వస్థతను, వారిని కనిపెట్టియున్నవారికి బలమును, నిద్రను, ఆదరమును శ్రీమన్నారాయణుడు ప్రసాదించుగాక.

స్వస్తి.